బెవ్ హాలమ్ గారి కేకు డబ్బా

ఈడెన్ ఊళ్ళో రేవుకెదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని ఆఖరి కేకు ముక్క నోట్లో వేసుకున్నాక గాని ఎబెన్ ఆ డబ్బా అడుగు చూడలేదు. మిగిలిన పొడి మాత్రం ఎందుకు పోనివ్వాలని డబ్బాను బోర్లించి అరచేతిలోకి తట్టాడు. అడుగున, గాయాలకు అంటించే ప్లాస్టరు ముక్క ఒకటి అతికించి ఉంది. దాని మీద నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు. బి. హాలమ్, జెనోవా.

నోట్లో కేకు నమలడం ఆపేశాడు.

రేపల్లెలో వాళ్ళింట్లో స్టీలు సామాను మీదంతా పేర్లే. పళ్ళెం మీద తాతయ్య పేరు, బిందె మీద అమ్మ పెళ్ళి తేదీ, గ్లాసుల మీద వాటిని చదివించినవాళ్ళ ఇంటిపేర్లు. పేరున్న గిన్నె ఏ ఇంటికి వెళ్ళినా దారి తెలిసినట్టు వెనక్కి వచ్చేది. ఖాళీగా మాత్రం రాకూడదు. కూర వచ్చిన గిన్నెలో కూరే పంపాలని లేదు. పిడికెడు పంచదారో, రెండు కోడిగుడ్లో, ఏమీ లేనినాడు పెరట్లో కోసిన నాలుగు కరివేపాకు రెబ్బలో వేసి పంపేది అమ్మ. ఇదొక నియమమని ఎబెన్‌కు ఎవరూ చెప్పలేదు. అందుకే దాన్ని మీరడం ఎలాగో కూడా అతనికి తెలియదు.

ముందురోజు మధ్యాహ్నం జెనోవా దగ్గర అడవిలో వాన పట్టుకుంది. కలప లారీ ఒకటి పక్కనుంచి వెళ్తూ నిలువెల్లా బురద చల్లింది. ఆ వెంటనే వెనక చక్రంలో స్పోకు ఒకటి టంగుమని తెగింది. కొత్త స్పోకులు సంచిలో ఉన్నాయి గాని వెయ్యడం అతనికి రాదు. చెట్టు కింద నిలబడి ఫోన్‌లో సిగ్నల్ కోసం చెయ్యెత్తి ఆడిస్తుంటే, వెనక సామాన్ల తొట్టి ఉన్న పాత బండి ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగినావిడకు డెబ్బై ఉంటాయి. కాళ్ళకు రబ్బరు బూట్లు, నెత్తిన మగవాళ్ళ టోపీ.

"సైకిలు వెనక పడేసి ఎక్కు, లవ్. తడిసి ముద్దయ్యావు." ఇక్కడి పెద్దవాళ్ళకు ఎవరైనా లవ్వే.

"ఇల్లు దూరమా అండీ?"

"అదిగో, ఆ పోస్టు డబ్బా దగ్గర."

"అయితే నడిపించుకుని వస్తాను."

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. మళ్ళీ బండెక్కింది. బండి నత్తలా ముందు, దాని వెనక వానలో సైకిలు నెట్టుకుంటూ ఎబెన్. ఆ ఊరేగింపు ఇల్లు చేరాక వరండాలో తుండుగుడ్డ వచ్చింది, టీ వచ్చింది, కేకు వచ్చింది. ఆవిడ భర్త రాన్ ఒక్క మాట మాట్లాడకుండా స్పోకు వేసి చక్రం తిప్పి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. బయల్దేరేటప్పుడు మిగిలిన కేకును డబ్బాతో సహా ఎబెన్ చేతిలో పెట్టింది బెవ్.

బండెక్కకపోవడానికి కారణం ఉంది, అది అతను ఎవరికీ చెప్పలేదు. మెల్‌బోర్న్‌లో క్లేటన్ నుంచి సిడ్నీలో పారమట్టా దాకా, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, ఒక్క గజం కూడా ఇంకొకరి బండిలో ఎక్కకూడదని ఒట్టు. ఆస్ట్రేలియాలో దిగిన రెండేళ్ళలో అతని బతుకులో ప్రతి వస్తువూ ఎవరో ఇప్పించిందే. విమానాశ్రయం నుంచి ఎవరో తెచ్చారు, క్లేటన్‌లో ఆరుగురు ఉండే ఇంట్లో ఎవరో గది చూపించారు, మొదటి ఉద్యోగం ఎవరో చెప్పి వేయించారు. ఎవరి పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ జరిగినా, అక్కడి తెలుగువాళ్ళలో పెద్దైన యోగానంద్ అంకుల్ చేతిలో పటకారు పట్టుకుని, "మన ఎబెన్‌కి పరుపు నేనే ఇచ్చా, డే వన్!" అంటాడు. అబద్ధం కాదు. అందుకే వినడం కష్టం. తన జీవితంలో ఒక్క పనైనా, ఇందులో నీ చెయ్యి లేదు అని అందరితో అనగలిగేది ఉండాలనుకున్నాడు.

అలాంటి పని కూడా దొరికింది. పారమట్టాలో నర్సుగా చేస్తున్న అక్క ప్రిస్సిల్లా కూతురికి వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బాప్తిస్మం. పాపకు జ్ఞానతండ్రిగా నిలబడాల్సింది ఎబెన్. అతను చదివే యూనివర్సిటీకి వేసవి సెలవులు. సైకిల్ మీద వస్తానన్నాడు. ఇవాళ మంగళవారం. సిడ్నీ ఇంకా నాలుగొందల డెబ్బై కిలోమీటర్లు.

అక్కకు ఫోన్ చేశాడు.

"ఏందిరా, ఏడున్నావు?"

"ఈడెన్‌లో."

"ఏదెను తోటలోనా? అబ్బో. పండ్లు ముట్టుకోమాక."

"అక్కా, ఒక డబ్బా వచ్చి పడింది నాకు." జరిగింది చెప్పాడు. "కింద పేరుంది."

"పేరుందా?"

"అతికించి మరీ రాశారు."

"తీసుకునేటప్పుడు చూసుకోవద్దంట్రా? ఇప్పుడు ఖాళీగా ఉందా?"

"ఆఖరి ముక్క నోట్లో ఉంది."

"అయ్యో అయ్యో."

వెనకనుంచి బావ నాథన్ గొంతు వినిపించింది. "ఏం డబ్బా? పోస్ట్‌లో పడేయమను! అసలు వాళ్ళకి గుర్తు కూడా ఉండదు. ఇట్స్ ఎ టిన్!"

"మీరూరుకోండి. పోస్టులో పంపితే మొహాన కొట్టినట్టుంటది."

"సండేకి మీ అక్కాతమ్ముళ్ళకి మనిషి కావాలా, డబ్బా కావాలా? ఫస్ట్ అది డిసైడ్ చేసుకోండి."

ప్రిస్సిల్లా కాస్త తగ్గింది. "అదీ నిజమేలేరా. సండే టూ కల్లా నువ్విక్కడ ఉండాల. బిర్యానీ ఆర్డరిచ్చాం, చర్చి బుక్ చేశాం, పాస్టరు గారికి నీ పేరిచ్చాం. నువ్వు రాకపోతే నేను మళ్ళీ నీ మొహం చూడను. డబ్బా సంగతి నీ ఇష్టం." ఫోన్ పెట్టేయబోయి మళ్ళీ అడిగింది. "ఇంతకీ ఏమేసి ఇస్తావు అందులో?"

సంచిలో జంతికలున్నాయి. క్లేటన్‌లో గది పంచుకునే కౌశల్ వాళ్ళమ్మ హైదరాబాద్ నుంచి పంపినవి. ఎక్కడైనా దారి మధ్యలో ఆకలితో పడిపోతే తినమని కౌశల్ కట్టి ఇచ్చాడు. ఎబెన్ వాటిని డబ్బాలో పేర్చాడు. అంచుదాకా నిండింది. మూత పడుతుంటే ఛాతీలో ఏదో సర్దుకున్నట్టయింది.

అప్పుడు లెక్క వేశాడు. జెనోవా వెనక్కి అరవై కిలోమీటర్లు. ఇప్పుడు బయల్దేరితే పొద్దు ఉండగా చేరచ్చు. రేపు మధ్యాహ్నానికి మళ్ళీ ఇక్కడ. మిగతా రోజుల్లో రోజుకు నూటముప్ఫై తొక్కితే ఆదివారం దర్జాగా చర్చిలో ఉండచ్చు. ఇంతవరకూ ఏనాడూ తొంభై దాటలేదన్న సంగతి మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. రాలేదనడం కూడా సరికాదు. గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొట్టింది, అతను తియ్యలేదు.

వెనక్కి తొక్కడం ఎంత తేలికగా ఉందో! ఉదయం నాలుక వేలాడేయించిన ఎత్తులన్నీ ఇప్పుడు జారుబండలయ్యాయి. యూకలిప్టస్ చెట్ల మధ్య ఎండ చారలు చారలుగా పడుతోంది. ఎదురొచ్చే కలప లారీల వాళ్ళు, ఉదయం చూసినవాళ్ళేనేమో, హారన్ కొట్టి వేలెత్తి చూపారు. నీ దారి అటు కదా అన్నట్టు. ఎబెన్ చెయ్యూపాడు. తన కాళ్ళలో ఇంత బలం ఉందా అని తనను తానే మెచ్చుకున్నాడు. దారిలో ఒక మలుపు దగ్గర ఆగి నీళ్ళు తాగుతుంటే చొక్కా వీపు వైపునుంచి ఉబ్బి ముందుకు లాగింది. గాలి. వెనక్కి తిరిగినప్పటినుంచి తనను తోస్తున్నది గాలి. రేపు ఇదే గాలికి ఎదురు వెళ్ళాలి.

బెవ్ కోళ్ళకు గింజలు చల్లుతోంది. గేటు దగ్గర సైకిలు చూసి టోపీ వెనక్కి తోసింది.

"ఏమైంది లవ్? ఏదైనా మర్చిపోయావా?"

ఎబెన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని చాచాడు. ఆవిడ డబ్బాను చూసింది, అతన్ని చూసింది. ముఖంలో నవ్వు సన్నబడింది.

"కేకు బాలేదా?"

ఆ ప్రశ్న ఎబెన్ ఊహించలేదు. అరవై కిలోమీటర్ల పొడుగునా ఈ ఘట్టాన్ని మనసులో ఎన్నిసార్లు ఆడించుకున్నాడో. అన్నిటిలోనూ ఆవిడ ముఖం వెలిగింది, ఒక్కసారి కూడా చిన్నబోలేదు. ఇచ్చినదాన్ని తిరిగి మోసుకొస్తే వద్దని చెప్పినట్టుంటుందని, అలా అనుకునే మనుషులుంటారని అతనికి తోచనే లేదు.

"కాదండీ! మొత్తం తినేశాను. చాలా బాగుంది. కింద మీ పేరుంది కదా, అందుకని..."

బెవ్ డబ్బా తిప్పి చూసి ప్లాస్టరు మీద వేలు పెట్టింది. అప్పుడు మొదలైంది నవ్వు. గేటు పట్టుకుని, వంగి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "రాన్! రాన్! ఇలా రా! పిల్లాడు డబ్బా ఇవ్వడానికి ఆ కొండ మళ్ళీ ఎక్కి దిగొచ్చాడు!"

రాన్ వచ్చాడు. మూత తీశాడు. జంతికల వంక చాలాసేపు చూశాడు.

"ముళ్ళతీగ," అన్నాడు. ఎబెన్ అతని గొంతు వినడం అదే మొదటిసారి.

"తింటారండీ దాన్ని."

రాన్ ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొకటి తీసుకున్నాడు. నాలుగోదానికి డబ్బాతో సహా వరండాలో కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

వంటింట్లో టీ పోస్తూ బెవ్ అంది. "ఊరి సమావేశాల హాల్లో అందరూ వండి తెచ్చిన రోజు పళ్ళేలూ డబ్బాలూ కలిసిపోతాయి, అందుకే పేర్లంటిస్తాం. అంతకు మించి ఏం లేదు. అసలా డబ్బా నాది కూడా కాదు. మంటలొచ్చిన ఏడు ఎవరో బిస్కెట్లు పంపారు అందులో. అడవి మా కంచెదాకా కాలింది అప్పుడు. హాలంతా అలాంటి డబ్బాలే. ఎవరు పంపారో, ఏ ఊరో. తిన్నాం, డబ్బా మిగిలింది."

"మరి వాళ్ళకి తిరిగి..."

"ఎవరికి?" అంది బెవ్, చక్కెర గిన్నె ముందుకు జరుపుతూ. "ఆదివారం చర్చిలో ఉండాలన్నావు కదూ?"

"రెండింటికి."

ఆవిడ పైకప్పు వంక చూసి పెదాలు కదిపింది. ఈ పక్క ఊళ్ళ మధ్య దూరాలు అందరికీ కంఠతా వచ్చు. "చేరవు."

"చేరతానండీ."

"ఈ గాలి శుక్రవారం దాకా తగ్గదు. చేరవు." అందులో జాలి లేదు, బెదిరింపూ లేదు. వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. "రాన్ మేనకోడలు ఈడెన్ అవతల పాంబులాలో ఆయిస్టర్లు, అదే తినే ఆల్చిప్పలు, పెంచుతుంది. రేపు లారీ వేసుకుని సిడ్నీ వైపు బేట్‌మన్స్ బే దాకా వెళ్తోంది. నిన్ను పొద్దున నేను పాంబులాలో దింపుతాను. అక్కడినుంచి తొక్కుకో, హాయిగా సరిపోతుంది."

లెక్క నిజమే. బేట్‌మన్స్ బే నుంచి రోజుకు ఎనభై, శనివారానికి అక్క ఇంట్లో. ఎబెన్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను మొత్తం తొక్కాలనుకున్నానండీ. ఎవరి బండీ ఎక్కకుండా."

"ఎవరితో చెప్పావు?"

"ఎవరితోనూ చెప్పలేదు. నాతోనే."

"అయితే మంచిదేగా. ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు." కప్పు కడగడానికి లేచింది. "ఆరింటికి బయల్దేరాలి. వస్తావా, రావా?"

ఎబెన్ ఆగాడు. రేపల్లెలో అయితే ఇక్కడ 'వద్దులేండి' అనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి. 'మీకెందుకు శ్రమ' అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే, ఇష్టం లేనట్టు ముఖం పెట్టి వెళ్ళాలి. అప్పుడు తాను అడిగి తీసుకున్నట్టుండదు, బలవంతం మీద ఒప్పుకున్నట్టుంటుంది. పరువు దక్కుతుంది. రెండో పిలుపు కోసం చూశాడు. కుళాయి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బెవ్ వీపు అతని వైపు ఉంది. ఆవిడ అడగాల్సింది అడిగేసింది. ఇంక రాదు.

డబ్బా పట్టుకుని వెనక్కి ఎందుకొచ్చాడో అప్పుడు, ఆ వీపు వంక చూస్తూ కూర్చున్నప్పుడు, కొంచెం కొంచెంగా కనబడింది. మర్యాద కొంత. మిగతాదంతా, ఈవిడకు తాను ఏమీ కానట్టు, ఈవిడ తనకేమీ కానట్టు మూత బిగించేసి వెళ్ళిపోవాలన్న తొందర. యోగానంద్ అంకుల్ పరుపు కూడా మూట కట్టి ఇచ్చేసే వీలుంటే ఎప్పుడో ఇచ్చేసేవాడు. ఇచ్చేసి ఏం చేసేవాడు? నేల మీద పడుకునేవాడు.

"వస్తాను," అన్నాడు. గొంతు మరీ చిన్నగా వచ్చిందని ఇంకోసారి అన్నాడు. "వస్తానండీ."

"మంచిది," అంది బెవ్, వెనక్కి తిరక్కుండానే.

మర్నాడు పాంబులాలో దింపి, చెయ్యూపి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. మేనకోడలు ట్రేసీ పాటలు పెట్టి, పాటల కంటే గట్టిగా పాడుతూ లారీ నడిపింది. అద్దంలోంచి ఎబెన్ తాను ఎక్కాల్సిన కొండలు ఒక్కొక్కటే వెనక్కి పోవడం చూశాడు. సిగ్గు వస్తుందని ఎదురుచూశాడు. నిద్ర వచ్చింది. బేట్‌మన్స్ బేలో ట్రేసీ డొక్కలో పొడిచి లేపింది. "గుర్రు పెడతావు మేట్, తెలుసా?"

అక్కడినుంచి మళ్ళీ తొక్కాడు. సముద్రం కుడివైపున కనబడుతూ దాక్కుంటూ వచ్చింది. శుక్రవారానికి, బెవ్ చెప్పినట్టే, గాలి పడిపోయింది. శనివారం పదకొండింటికి హెలెన్స్‌బర్గ్ ఎక్కుతుంటే ప్రాణాలు కళ్ళలోకొచ్చాయి. అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చిన కార్ల పక్కన చెట్టు నీడలో కూలబడ్డాడు. ఒక కారు వెనక తలుపెత్తి పట్టుచీరలో ఒకావిడ గిన్నెలు సర్దుకుంటోంది.

"ఏం బాబూ, తెలుగువాడివా? ఎక్కణ్ణుంచి ఈ అవతారం?"

"మెల్‌బోర్న్ నుంచండీ."

"సైకిల్ మీదా? నీకేం పోయేకాలం! ఏమండీ, చూశారా ఈ అబ్బాయిని? ఇంద, పులిహోర తింటావా?"

"పెట్టండి."

ఆవిడ ఒక్క క్షణం తికమకపడింది. బతిమాలడానికి సిద్ధం చేసుకున్న మాటలు అక్కర్లేకుండా పోయాయి. "ఉండు, బాక్స్‌లో వేసిస్తాను. బాక్స్ నీ దగ్గరే ఉంచుకో."

"బాక్స్ వద్దండీ, మీకు దణ్ణం పెడతాను. చేతిలో పెట్టండి."

సాయంత్రానికి పారమట్టాలో అక్క ఇంటి గంట నొక్కాడు.

ఆదివారం రెండింటికి, ఇంగ్లీషు వాళ్ళ ఆరాధన అయిపోయి ఖాళీ అయిన చర్చిలో తెలుగు సంఘం చేరింది. ముందు వరసలో ఇస్త్రీ చేసిన బావ చొక్కాలో ఎబెన్. పక్కన పాపకు జ్ఞానతల్లిగా నిలబడే మరియరాణి ఆంటీ. అక్క పనిచేసే వార్డులో ఆవిడా నర్సే. ఎబెన్‌కు ఆవిడతో పరిచయమై పది నిమిషాలే అయింది.

పాస్టర్ మరియదాసు గారు మైకు సర్దుకున్నారు.

"ప్రియులారా, ఈ బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలబడుతున్న మన సహోదరుడు ఎబెన్‌ను చూడండి. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ దాకా, సైకిల్ మీద, ఒంటరిగా, ఏ మనిషి సాయమూ లేకుండా..."

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో "హల్లెలూయా" అన్నారు. అక్క కళ్ళు మెరుస్తున్నాయి. ఈ వాక్యం కోసమే ఎబెన్ బయల్దేరాడు. ఇదే, ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇప్పుడది మైకులోంచి హాలంతా మోగుతోంది. వినడానికి బాగానే ఉంది. ఎవరి గురించో చెబుతున్నట్టుంది.

"అయ్యగారూ," అన్నాడు. "అలా కాదండీ."

చప్పట్లు తగ్గాయి. "ఏంటి బాబూ?"

"మధ్యలో కొంత లారీ ఎక్కాను. ఆయిస్టర్ల లారీ."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాథన్ తల పట్టుకున్నాడు. పాస్టరు గారు మైకు పక్కకు తిప్పి నెమ్మదిగా అడిగారు. "కొంతంటే ఎంత?"

"రెండొందలు పైనే ఉంటుందండీ."

"మిగతాదంతా నువ్వేగా?"

"నేనే. స్పోకు మాత్రం రాన్ గారు వేశారు."

ఈసారి చర్చి మొత్తం నవ్వింది. పాస్టరు గారు కూడా నవ్వి, "సరే, ఎవరు తెస్తేనేం, వచ్చావు. బిడ్డను తీసుకో," అన్నారు.

అక్క పాపను చేతుల్లో పెట్టింది. తెల్ల గౌను, మూడు పొరల లేసు, జారిపోయే బట్ట. ఆ లోపల ఎనిమిది కిలోల కదిలే ప్రాణం. హ్యాండిలు పట్టుకుని పట్టుకుని ఎబెన్ కుడిచేతి చివరి రెండు వేళ్ళకూ వారంనుంచి స్పర్శ లేదు. పాప అటు దొర్లుతోందో ఇటు దొర్లుతోందో ఆ చేతికి తెలియడం లేదు. పాస్టరు గారు నీళ్ళ పాత్ర మీద వంగారు.

ఎబెన్ పక్కకు తిరిగాడు.

"ఆంటీ," అన్నాడు మెల్లగా, "కింద ఒక చెయ్యి వెయ్యరా? నా చేతికి పట్టు దొరకడం లేదు."

మరియరాణి ఆంటీ పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, అతని చేతి కింద తన చెయ్యి వేసింది.